గంగ ఒడ్డున యోగా బడి

కొండలు దిగిన గంగ మైదానం వైపు మళ్లే చోటు. చార్‌ధామ్ యాత్రకు తొలి మెట్టు. ఒకప్పుడు సాధువుల తపోభూమి. ఇప్పుడు దేశదేశాల వాళ్లూ చాపలు చంకన పెట్టుకుని వచ్చే యోగా బడి... అదే రుషికేశ్. అక్కడ ఓ వారం రోజుల యోగా శిబిరంలో చేరితే ఏం నేర్పుతారు? ఆ ఊరు ఇంకేం నేర్పుతుంది?

'హృషీకం' అంటే ఇంద్రియం. 'ఈశుడు' అంటే ప్రభువు. ఇంద్రియాలకు ప్రభువైన విష్ణుమూర్తే హృషీకేశుడు. రైభ్య మహర్షి తపస్సుకు మెచ్చి స్వామి ఆ పేరుతో ఇక్కడ వెలిశాడని స్థలపురాణం. ఆయన పేరే ఊరి పేరైంది. జనం నోళ్లలో నలిగి రుషికేశ్‌గా మారింది.

కన్ను, ముక్కు, చెవి, నాలుక, చర్మం... ఈ అయిదింటినీ అదుపులో పెట్టుకోమని ఊరి పేరే చెబుతోందన్నమాట. కానీ ఆటో దిగి రామ్‌ఝూలా వైపు నాలుగడుగులు వేస్తే చాలు, ఆ అయిదింటికీ పండగే! రుద్రాక్షల దండలు, రాగి చెంబులు, రంగురాళ్లు. పక్కనే బాణలిలో కాగుతున్న జిలేబీలు. 'రాఫ్టింగ్ సార్, రాఫ్టింగ్' అంటూ వెంటపడే కుర్రాళ్లు. గోడ కనిపిస్తే చాలు, 'యోగా టీచర్ ట్రైనింగ్' ప్రకటనలు. ఇంత సందడిలో మనశ్శాంతి ఎక్కడ దొరుకుతుందని కొత్తగా వచ్చినవారికి అనుమానం రావడం సహజం. దొరుకుతుంది. కాకపోతే అది కట్టిన ఫీజును బట్టి కాదు, పెట్టుకున్న నియమాన్ని బట్టి ఉంటుంది.

ఒక్క ఊరు... మూడు జిల్లాలు

చూడ్డానికి ఒకటే ఊరుగా ఉన్నా రుషికేశ్ మూడు జిల్లాల్లో పరుచుకుని ఉంది. బజారు, త్రివేణీ ఘాట్, పురాతనమైన భరత మందిరం ఉన్న అసలు పట్టణం డెహ్రాడూన్ జిల్లాలోది. కాస్త ఎగువన శివానంద ఆశ్రమం ఉన్న మునీకీ రేతీ, ఆపైన తపోవన్ టెహ్రీ గఢ్వాల్ జిల్లాలోకి వస్తాయి. గంగ దాటితే పరమార్థ నికేతన్, గీతా భవన్ ఉన్న స్వర్గాశ్రమం... అది పౌడీ గఢ్వాల్ జిల్లా.

ఈ ఒడ్డునూ ఆ ఒడ్డునూ కలిపేవి వేలాడే వంతెనలు. నారతాడు పట్టుకుని లక్ష్మణుడు గంగను దాటాడని చెప్పే చోట 1889లో ఇనుప తాళ్ల వంతెన కట్టారు. 1924 వరదల్లో అది కొట్టుకుపోయింది. 1930లో తెరిచిన లక్ష్మణ్‌ఝూలా దాదాపు తొంభై ఏళ్లు యాత్రికులను మోసి అలసిపోయింది. ఇక లాభం లేదని 2019 జులైలో దాన్ని మూసివేయాలని నిర్ణయించారు. అందుకే పాత సినిమాల్లో చూసిన లక్ష్మణ్‌ఝూలా మీద నడవాలని వెళ్లేవారికి నిరాశ తప్పదు. 1986లో కట్టిన రామ్‌ఝూలా, 2020లో ప్రారంభమైన జానకీ సేతు ఇప్పుడు ఆ లోటు తీరుస్తున్నాయి. వంతెన మీద చేతిలో అరటిపళ్లు మాత్రం పట్టుకోవద్దు. అక్కడి కోతులు అడిగి తీసుకోవు!

అయిదింటికి గంట

శిబిరాల వేళలు ఆశ్రమాన్ని బట్టి కాస్త మారుతుంటాయి. అయినా రోజు గడిచే తీరు దాదాపు ఒకటే. తెల్లవారుజామున అయిదింటికి గంట మోగుతుంది. స్నానం, ఆ తర్వాత జలనేతి. ముక్కుతో గిన్నెలా కాడ ఉన్న చిన్న చెంబులో గోరువెచ్చని ఉప్పునీళ్లు పోసి, ఒక ముక్కులోంచి పోస్తే రెండో ముక్కులోంచి రావాలి. మొదటిరోజు తుమ్ములే తుమ్ములు. తర్వాత ప్రాణాయామం, గంటన్నర ఆసనాలు. అప్పటిదాకా మౌనం. ఎనిమిదిన్నర దాటాక గోధుమరవ్వ జావో, కిచిడీయో, పండ్లో పెడతారు.

పదింటికి కర్మయోగం. పేరు పెద్దదిగా ఉంది కదా అని కంగారు పడక్కర్లేదు. కూరలు తరగడం, వసారా ఊడవడం, మొక్కలకు నీళ్లు పోయడం. ఇంట్లో కాఫీ కప్పు కూడా కడగని పెద్దమనుషులు ఇక్కడ చీపురు పట్టుకుంటారు. మధ్యాహ్నం యోగశాస్త్రం మీద పాఠం. సాయంత్రం మళ్లీ ఆసనాలు, గంగా హారతి, ఏడింటికి భోజనం, తొమ్మిదిన్నరకు దీపాలు ఆర్పేయడం.

తెలుగువాళ్లకు అసలు పరీక్ష శీర్షాసనం కాదు, భోజనాల గది. ఉల్లి ఉండదు, వెల్లుల్లి ఉండదు, కారం నామమాత్రం. ఆవకాయ మాటే ఎత్తకూడదు. కాఫీ, టీలు కూడా ఆపేసే శిబిరాల్లో రెండో రోజుకల్లా తలనొప్పి మొదలవుతుంది. అలవాటైన కాఫీ ఒక్కసారిగా మానేస్తే అలాగే ఉంటుంది మరి. మూడో రోజున ఒళ్లునొప్పులూ తోడవుతాయి. 'ఎందుకొచ్చాంరా దేవుడా' అనిపించేది అప్పుడే. ఆ రోజు దాటితే మాత్రం ఆకలి వేళకు వేస్తుంది, నిద్ర వేళకు వస్తుంది. ఫోను పక్కన పెట్టామన్న సంగతి కూడా గుర్తుకురాదు. ఊరి పేరులోని 'హృషీకం' ఏమిటో అర్థమయ్యేది అక్కడే.

అన్నట్టు రుషికేశ్ పురపాలక పరిధిలో మాంసం, చేపలే కాదు, గుడ్లు కూడా అమ్మకూడదు. దీన్ని సవాలు చేస్తూ కోర్టుకు వెళ్లారు కొందరు. 2004లో సుప్రీంకోర్టు ఆ నిషేధం సబబేనంది.

డాక్టరు వేసిన దారి

ఈ ఊరు యోగాకు పుట్టినిల్లుగా పేరు తెచ్చుకోవడంలో ఓ డాక్టరుగారి పాత్ర చాలా ఉంది. ఆయన 1887లో తమిళనాడులోని పత్తమడైలో పుట్టారు. మలయాలో పదేళ్లపాటు వైద్యుడిగా మంచి పేరు, సంపాదన. అన్నీ వదిలేసి 1924లో రుషికేశ్ చేరి సన్యాసం తీసుకున్నారు. ఆయనే స్వామి శివానంద.

సన్యాసి అయ్యాక కూడా ఆయన స్టెతస్కోపు వదల్లేదు. బీమా పాలసీ మీద వచ్చిన డబ్బుతో 1927లో లక్ష్మణ్‌ఝూలా దగ్గర ఉచిత వైద్యశాల తెరిచారు. జబ్బుపడిన సాధువులకూ, బదరీ దారిలో నడిచి నడిచి కాళ్లు పుండ్లు పడిన యాత్రికులకూ మందులిచ్చేవారు. 1936లో దివ్యజీవన సంఘాన్ని స్థాపించారు. ఆసనాలతో పాటు సేవ కూడా యోగమేనన్నది ఆయన బోధ. శిబిరాల్లో చీపురు చేతికివ్వడం వెనక ఉన్న ఆలోచన అదే.

ఆయన శిష్యుల్లో స్వామి సత్యానంద ముంగేర్‌లో బిహార్ యోగా పాఠశాలను నెలకొల్పారు. స్వామి విష్ణుదేవానంద పశ్చిమ దేశాల్లో యోగా కేంద్రాలు తెరిచారు. గీతా ప్రవచనాలతో తెలుగునాటా ఎందరికో దగ్గరైన స్వామి చిన్మయానంద సన్యాసం తీసుకున్నదీ శివానందుల దగ్గరే. ఆ ఆశ్రమం భజన మందిరంలో 1943 డిసెంబరు 3న మొదలైన 'హరే రామ' నామ సంకీర్తన రాత్రీ పగలూ సాగుతూనే ఉంది. అర్ధరాత్రి వెళ్లినా ఎవరో ఒకరు తాళం వేస్తూ కనిపిస్తారు. టికెట్టు లేదు, ప్యాకేజీ లేదు. ఓ మూల కూర్చుని ఎంతసేపైనా వినొచ్చు.

బీటిల్స్ వచ్చిన అడవి

రుషికేశ్ పేరు విదేశాల్లో మారుమోగింది మాత్రం 1968లో. ఆ ఫిబ్రవరిలో ఇంగ్లండు పాటగాళ్లు 'బీటిల్స్' నలుగురూ మహర్షి మహేశ్ యోగి ఆశ్రమానికి ధ్యానం నేర్చుకోవడానికి వచ్చారు. రింగో స్టార్ పది రోజులకే పెట్టె సర్దేశాడు. తిండి పడలేదట! మిగతావాళ్లు వారాల తరబడి ఉండి డజన్ల కొద్దీ పాటలు కట్టుకున్నారు. 'వైట్ ఆల్బమ్'లో చాలా పాటలు అప్పుడు పుట్టినవే.

తర్వాత ఆశ్రమం ఖాళీ అయింది. అడవి దాన్ని మెల్లగా ఆక్రమించుకుంది. ప్రస్తుతం రాజాజీ పులుల అభయారణ్యంలో భాగంగా ఉన్న ఆ చోటును 2015 డిసెంబరులో అటవీశాఖ సందర్శకులకు తెరిచింది. 'చౌరాసీ కుటియా'... అంటే ఎనభై నాలుగు కుటీరాలు. గుండ్రంగా రాళ్లతో కట్టిన ధ్యాన గుహలు, పైకప్పు లేని హాళ్లు, గోడల మీద అభిమానులు వేసిన బొమ్మలు. ప్రపంచం నలుమూలల నుంచీ జనాన్ని రప్పించిన చోట ఇప్పుడు చెట్ల ఆకుల చప్పుడే వినిపిస్తుంది. స్వర్గాశ్రమం నుంచి నడిచే వెళ్లిపోవచ్చు. టికెట్టు ఉంటుంది.

చల్లని తల్లే... కానీ!

సాయంత్రం హారతికి త్రివేణీ ఘాట్ ఒక రకం అందం, పరమార్థ నికేతన్ మరో రకం. మొదటిది ఊరి జనం పండగలా ఉంటుంది. రెండోది ఆశ్రమ విద్యార్థుల మంత్రాలతో, పాటలతో సాగుతుంది. ఆకుదొన్నెల్లో పూలూ దీపమూ పెట్టి నీళ్లలో వదులుతుంటే గంగ ఎంతో సాధువుగా కనిపిస్తుంది.

ఆ మెట్ల ముందు నదిలో ఉన్న పెద్ద శివుడి విగ్రహాన్ని 2013 జూన్ వరద ఎలా లాక్కుపోయిందో టీవీల్లో చూసినవారు మరచిపోలేరు. వరదలు లేని రోజుల్లోనూ ఇక్కడి గంగను తేలిగ్గా తీసుకోకూడదు. గోదావరిలోనో కృష్ణలోనో ఈత నేర్చిన ధైర్యం ఇక్కడ పనికిరాదు. మంచు కరిగిన నీళ్లు కాబట్టి మండు వేసవిలోనూ కాళ్లు కొంకర్లు పోతాయి. పైకి నెమ్మదిగా కనిపించినా లోపల లాగేస్తుంది. ఎగువన టెహ్రీ డ్యామ్ నుంచి వదిలే నీటిని బట్టి మట్టం మారుతుంటుంది. ఇసుక తిన్నెల దగ్గర, నున్నటి రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటూ ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. గొలుసులు కట్టిన స్నానఘట్టంలో, గొలుసు పట్టుకునే మునగాలి. పిల్లల చెయ్యి పెద్దల చేతిలోనే ఉండాలి.

శిబిరంలో చేరే ముందు...

ఆశ్రమాల్లో సాదా గది, పరిమిత రుసుమో విరాళమో ఉంటుంది. రిసార్టుల్లో అదే వారానికి బిల్లు ఎన్నో రెట్లు. ఎక్కడ చేరినా కొన్ని ప్రశ్నలు ముందే అడగాలి. పాఠం చెప్పేదెవరు? తరగతిలో ఎంతమంది? మొదటిసారి వచ్చేవారికి విడిగా నేర్పుతారా? హిందీ రాకపోతే ఇంగ్లిషులో చెబుతారా?

'200 గంటల' కోర్సు వేరు, శిబిరం వేరు. మొదటిది యోగా టీచర్లు కావాలనుకునేవారి కోసం, సుమారు నెల పడుతుంది. నడుమునొప్పి తగ్గాలనో, కాస్త విశ్రాంతి కావాలనో వచ్చేవారికి మూడు నుంచి ఏడు రోజుల శిబిరం చాలు. హైబీపీ, గ్లకోమా, హెర్నియా, మెడనొప్పి ఉన్నవారు, గర్భిణులు ఆ సంగతి మొదటిరోజే గురువుకు చెప్పాలి. అధిక రక్తపోటు ఉన్నవారికి కపాలభాతి, శీర్షాసనం లాంటివి మంచివి కావు. వేసుకునే మందులు మానేయమని ఎవరు చెప్పినా వినొద్దు. అది డాక్టరు తేల్చాల్సిన విషయం.

తిరుగు ప్రయాణంలో అందరి సంచుల్లోనూ మూత బిగించిన గంగాజలం చెంబు ఉంటుంది. అది పూజగదిలో ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది. నిలవ ఉండనిది శిబిరంలో అబ్బిన అలవాటు. ఇంటికొచ్చాక పొద్దున్నే గంట కొట్టేవాళ్లుండరు, కాఫీ ఘుమఘుమలు మాత్రం ఉంటాయి. ఏడు రోజులు నేర్చుకున్నదాంట్లో రోజుకో అరగంటైనా ఎనిమిదో రోజు నుంచి ఇంట్లో సాగితే రుషికేశ్ యాత్ర ఫలించినట్టే.

ఎలా వెళ్లాలి?

* ఢిల్లీ నుంచి సుమారు 240 కిలోమీటర్లు. రైల్లో హరిద్వార్ దాకా వెళ్తే అక్కడి నుంచి 25 కిలోమీటర్లు. బస్సులు, ఆటోలు దొరుకుతాయి. 2021లో ప్రారంభమైన యోగ్ నగరీ రుషికేశ్ స్టేషన్‌కూ కొన్ని రైళ్లు వస్తాయి.

* విమానంలో అయితే డెహ్రాడూన్ జాలీగ్రాంట్ విమానాశ్రయంలో దిగాలి. అక్కడి నుంచి దాదాపు 20 కిలోమీటర్లు.

* అక్టోబరు, నవంబరు, ఫిబ్రవరి, మార్చి నెలలు అనువైనవి. మార్చిలో అంతర్జాతీయ యోగా ఉత్సవం జరుగుతుంది. జులై, ఆగస్టుల్లో వర్షాలు, కావడి యాత్రికుల రద్దీ, రాఫ్టింగ్ నిలిపివేత.

* తిరుమల తిరుపతి దేవస్థానం వారి ఆంధ్ర ఆశ్రమం ఇక్కడ ఉంది. అందులో వేంకటేశ్వరస్వామి, చంద్రమౌళీశ్వరస్వామి ఆలయాలున్నాయి.

* సమయముంటే నీలకంఠ మహాదేవ ఆలయం, బదరీనాథ్ దారిలోని వశిష్ఠ గుహ, సూర్యోదయానికి కుంజాపురి కొండ చూడొచ్చు.