మాత్ర ఒకటే, పేర్లే వేరు

సంక్రాంతి రోజుల్లో కువైట్ చలి మన పెద్ద ముగ్గుల చలిని గుర్తుకు తెస్తుంది. దానితోపాటే జలుబు, జ్వరం, ఒళ్ళు నొప్పులు! మేముండే జాబ్రియాలో ముబారక్ అల్ కబీర్ ఆసుపత్రి ఉంది, కువైట్ విశ్వవిద్యాలయం వారి వైద్య కళాశాల ఉంది. అయినా మనవాళ్ళు ముందుగా ఫోన్ చేసేది తెలిసిన డాక్టరుకే. "ఇప్పటిదాకా ఏమేం వేసుకున్నారు?" అని అడుగుతాను. "ఏం లేదండీ, ఇక్కడి పనడోల్ రెండు, ఊరి నుంచి తెచ్చుకున్న డోలో ఒకటి, జలుబు మాత్ర ఒకటి" అంటారు.

వారి లెక్కలో అవి మూడు మందులు. కాలేయం లెక్కలో ఒకటే: పారాసిటమాల్. పనడోల్ రెండు వెయ్యి మిల్లీగ్రాములు, డోలో 650, జలుబు మాత్రలో 500 ఉంటే మొత్తం 2150. రోజుకు మూడుసార్లు వేసుకుంటే 6450! ఆరోగ్యవంతులైన పెద్దలకైనా రోజుకు 4000 మించకూడదు.

మింగిన మందులో అత్యధిక భాగాన్ని కాలేయంలోని ఎంజైములు గ్లూకురోనిక్ ఆమ్లంతోనో, సల్ఫేట్‌తోనో జతకట్టి, మూత్రంలోకి సాగనంపుతాయి. మిగిలిన కొద్ది భాగం సైటోక్రోమ్ ఎంజైముల చేతికి చిక్కి విషంగా మారుతుంది. కాపాడేదీ, విషం చేసేదీ ఆ కాలేయమే! ఈ రెండో రకానికి చెందిన సైప్ 2ఇ1 అనే ఎంజైము లేని ఎలుకలు అధిక మోతాదును బాగా తట్టుకున్నాయని 1996లో ఒక పరిశోధన తెలిపింది. మనలో ఆ విషాన్ని ఎప్పటికప్పుడు విరిచేది గ్లూటాథయోన్ అనే పదార్థం. మోతాదు మించితే ఆ నిల్వ అడుగంటుతుంది. అప్పుడు విషం కాలేయ కణాలనే చంపుతుంది. తిండి లేని ఒంట్లో ఆ నిల్వ ముందే తక్కువ. మద్యం అలవాటున్నవారిలో విషం చేసే ఎంజైము ఎక్కువ.

నా బెంగంతా కాంపుల్లో, యజమానుల ఇళ్ళలో పనిచేసే మన కడప, గోదావరి జిల్లాల వారి గురించే. డ్యూటీ పోతే జీతం పోతుందని, జ్వరంతో తిండి సహించకపోయినా మాత్రల మీద నెట్టుకొస్తారు. మొదటిరోజు వాంతులు, నీరసం తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. కాలేయం దెబ్బతిన్న సంగతి రెండు మూడు రోజులకు గాని బయటపడదు. గ్లూటాథయోన్ నిల్వను తిరిగి నింపే ఎసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు 1970ల నుంచీ వాడుకలో ఉంది. ఎక్కువ మోతాదు ఒక్కసారిగా మింగినప్పుడు ఎనిమిది గంటల్లోగా ఇస్తే కాలేయం దాదాపుగా దక్కుతుంది. కళ్ళు పచ్చబడేదాకా ఆగవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

పారాసిటమాల్‌ను చూసి భయపడనక్కర్లేదు. లెక్కలో వాడితే అది మంచి మందే. ఈ పండక్కి మీ మందుల డబ్బా ఒకసారి ముందేసుకుని, ప్రతి అట్ట మీదా చిన్న అక్షరాల్లో ఉన్న అసలు పేరు చదవండి. ఇంగ్లీషు చదవడం రాని మనవాళ్ళకు మీరే చదివి చెప్పండి.

అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు.