మూకీ రాణికి మాటల పరీక్ష

1907లో పూనాలో యూదు కుటుంబంలో జన్మించిన రూబీ మయర్స్ టెలిఫోన్ ఆపరేటరు. కంఠస్వరమే ఆమె జీవనాధారం. కోహినూర్ సంస్థకు చెందిన మోహన్ భవ్నానీ ఆమెను మాటలతో పనిలేని వెండితెరకు తెచ్చాడు. రూబీ ‘సులోచన’ అయింది. 1927 నాటి ‘వైల్డ్ క్యాట్ ఆఫ్ బాంబే’లో ఆమె ధరించిన పాత్రలు ఎనిమిది! బొంబాయి గవర్నరు జీతం కన్న ఆమె జీతమే అధికమని జనం చెప్పుకునేవారు.

1931లో తెరకు మాట వచ్చింది. సులోచనకు హిందూస్తానీ అంతంతమాత్రం. నటన మాని, ఏడాదిపాటు భాష అభ్యసించి, 1932లో ‘మాధురి’ టాకీతో తిరిగి వచ్చింది. ఎనిమిది వేషాల కన్న ఈ సాధనే ఘనమైనదనాలి.

అనార్కలిగా 1928లో మూకీలోను, 1935లో టాకీలోను ఆమే నాయిక. 1953లో అదే కథ మరల తెరకెక్కినప్పుడు ఆమెకు దక్కినది సలీం తల్లి వేషం. ఫాల్కే పురస్కారం 1973లో వచ్చింది. 1983లో బొంబాయిలో కన్నుమూసింది.