బాలానగర్ పెట్టిన భిక్ష

హైదరాబాద్ బాలానగర్‌లో ఐడీపీఎల్ అంటే ఇప్పుడొక కాలనీ, ఒక బస్టాపు. అక్కడ మందుల తయారీ ఎన్నడో ఆగిపోయింది. సర్కారు పద్దుల్లో అదొక ఖాయిలా సంస్థ. అయినా ఈ నగరం బల్క్ డ్రగ్స్‌కు రాజధాని అయిందంటే, అది ఎక్కువగా ఆ ఖాయిలా సంస్థ పెట్టిన భిక్షే.

1961లో ఏర్పడిన ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్, సోవియట్ సాయంతో ఇక్కడ సింథటిక్ మందుల కర్మాగారం కట్టింది. 1944లో నిజాం సర్కారు మొదలుపెట్టిన పరిశోధనశాల, నేటి ఐఐసీటీ, అప్పటికే ఉంది. అక్కడ ఫ్లాస్కులో రసాయన చర్యను కుదిర్చేవాళ్లు. ఐడీపీఎల్‌లో దాన్నే పెద్ద రియాక్టర్లలో నడపడం నేర్చుకునేవాళ్లు. ఇంతలో 1970 పేటెంట్ చట్టం వచ్చింది. మందు మీద పేటెంటు లేదు, తయారుచేసే పద్ధతి మీదే అంది. ఇంకో దారిలో అదే మందు చేయగల కెమిస్టుకు ఇంక కావలసిందేముంది?

ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి బయటికొచ్చి, ఒకటి రెండు కంపెనీలు నడిపి, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. చెమినార్ అనే మందుల కంపెనీలో ఆయన భాగస్వామి మురళి దివి 1990లో దివీస్ మొదలుపెట్టారు. ఇవి పేరున్న కథలు. పేరులేని కథలు జీడిమెట్ల సందుల్లో ఉన్నాయి. సింథసిస్ తెలిసినవాడు, రియాక్టరు బాగుచేసేవాడు, సాల్వెంటు అరువిచ్చేవాడు పక్కపక్కనే దొరకడాన్ని ఆర్థికవేత్తలు ప్రాంతీయ ఆవిష్కరణ వ్యవస్థ అంటారు. ఉద్యోగం మారిన ప్రతి మనిషీ పాత కంపెనీలో నేర్చిన పనిని కొత్త కంపెనీకి మోసుకెళ్లాడు. ఆ చదువుకు ఫీజు కట్టింది మాత్రం ప్రభుత్వం.

బిల్లులో రెండో సగం పటాన్‌చెరు కట్టింది. అక్కడ మందుల కంపెనీల వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు! శుద్ధి చేశాక సంగతి ఇది. అక్కడి వాగుల నీళ్లు చివరికి మంజీరలోకే పోతాయి.

1999లో జీనోమ్ వ్యాలీ వచ్చింది, కోవాగ్జిన్ అక్కడే తయారైంది, గర్వపడాల్సిందే. కానీ ఫార్మా పార్కు అనగానే మన ప్రభుత్వాలు ఎకరాలూ రాయితీలే లెక్కపెడతాయి. తర్వాతి పార్కుకు కొబ్బరికాయ కొట్టే ముందు, ఆ ఊరి వాగు నీటి పరీక్ష ఫలితాలు నెలనెలా పంచాయతీ గోడ మీద అంటిస్తామని రాసివ్వమనండి.