మా జట్టు టీవీలో రాలేదు



ఫుట్‌బాల్ గురించి రాస్తామంటే సంచిక పని చూస్తున్న మిత్రులు నవ్వారు. "క్రికెట్ గురించి రాయండిరా, నలుగురు చదువుతారు" అన్నారు. ఆ మాటకే ఈ వ్యాసం రాయాలనిపించింది.

శ్రీనిధి డెక్కన్ అనే పేరు మీలో ఎంతమంది విన్నారు? 2020లో విశాఖపట్నం పేరు మీద ఐ-లీగ్‌లో చోటు సంపాదించిన క్లబ్బు అది. తర్వాత హైదరాబాద్ శివారు అజీజ్‌నగర్‌లోని డెక్కన్ అరీనా దాని సొంత మైదానమైంది. మెహదీపట్నంలో బస్సెక్కి మేము వెళ్లేవాళ్లం. ఆడిన మొదటి సీజన్ 2021-22లోనే మూడో స్థానం. 2022-23లో రెండో స్థానం. 2023-24లో మళ్లీ రెండో స్థానం!

ఐ-లీగ్ విజేతను పైమెట్టయిన ఐఎస్ఎల్‌కు పంపే పద్ధతి మొదలైందే 2022-23లో. విజేతకే చోటు, రెండోవాడికి ఏమీ లేదు. ముందు పంజాబ్ జట్టు వెళ్లింది, మరుసటి ఏడాది కలకత్తా మొహమ్మడన్ స్పోర్టింగ్ వెళ్లింది. ఒకే సీటున్న కోర్సులో రెండో ర్యాంకు వచ్చినవాడి బాధ ఎలా ఉంటుందో మన హాస్టల్లో ఎవరికీ వివరించనక్కర్లేదు.

2024 ఏప్రిల్ 6న షిల్లాంగ్‌లో లజాంగ్ జట్టు మీద మొహమ్మడన్ 2-1తో గెలిచింది. దాంతో మా ఆశ తీరిపోయింది. అప్పుడు మేము డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాం. ముందురోజే ఉప్పల్‌లో సన్‌రైజర్స్ చెన్నైని ఓడించింది. భోజనాల హాల్లో టీవీ పెడితే ఆ సిక్సర్లే మళ్లీ మళ్లీ. అవి అయ్యాక ఎన్నికల చర్చ. మేము అన్నం తినడం మాని తెర అడుగున పరుగెత్తే అక్షరాలు చదువుతూ కూర్చున్నాం. బంగారం ధర వచ్చింది, ఎండల హెచ్చరిక వచ్చింది. మన ఊరి జట్టుకు పై లీగ్ చేజారిందన్న ఒక్క వాక్యం మాత్రం రాలేదు.

సరిగ్గా అదే వారం, 11వ తేదీన, అజయ్ దేవగణ్ 'మైదాన్' సినిమా విడుదలైంది. అది ఎవరి కథ? మన హైదరాబాద్ రహీం సాబ్ కథ! 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన సిటీ పోలీస్ జట్టుకు ఆయనే శిక్షకుడు. 1951లో, 1962లో భారత్‌కు ఆసియా క్రీడల బంగారు పతకాలు, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన చేతిమీదే వచ్చాయి. ఆ సినిమా ముచ్చట్లు టీవీలో చూశాం, సంతోషించాం కూడా. 1963లో కన్నుమూసిన కోచ్‌కు హీరో ముఖంతో టీవీలో చోటు దొరికింది. అదే ఊళ్లో ఆ వారం ఆడుతున్నవాళ్లకు దొరకలేదు.

క్రికెట్ మీద మాకు కోపం లేదు, మేమూ చూస్తాం. మా బాధ వేరు. మా ఇళ్లలో డిగ్రీ ముఖం చూసింది మేమే మొదలు. సెలవులకు వెళ్లి బూట్లకు డబ్బులడిగితే మా అమ్మ ఒక్కటే అడిగింది: "ఆ ఆట ఆడెటోళ్లు టీవీల వస్తరా బిడ్డా?" క్రికెట్ ఆడే పిల్లవాడి తల్లికి ఆ ప్రశ్నే రాదు, రోజూ చూస్తుంది కదా. మేము ఫోనులో శ్రీనిధి మ్యాచ్ పెట్టి చూపించాం. ఎక్కడో దూరంగా ఒక కెమెరా, చీమల్లా ఆటగాళ్లు. కొలంబియా నుంచి వచ్చిన కాస్తన్యేడా గోలు వైపు ఉరుకుతుంటే బొమ్మ ఆగిపోయింది. మళ్లీ కదిలేసరికి అందరూ కౌగిలించుకుంటున్నారు! అమ్మ కళ్లు చికిలించి, "గింత చిన్నగ కనబడుతున్నరేంది" అంది. బూట్లకు డబ్బులైతే ఇచ్చింది, అది వేరే సంగతి.

ఆ తర్వాత నుంచి మెస్ బోర్డు మీద 'ఈరోజు గుడ్డు, సాంబారు' అని ఉన్నచోట కింద సుద్దముక్కతో స్కోరు రాయడం మొదలుపెట్టాం. వార్డెన్ సారు రెండుసార్లు తుడిపించారు. మూడోసారి వంట చేసే అక్కే "నిన్న గెలిచిండ్రా?" అని అడిగింది.

టీవీల్లో, పత్రికల్లో పనిచేస్తున్న మన హాస్టల్ అన్నలు ఉన్నారని విన్నాం. అన్నా, గంట కార్యక్రమం అడగడం లేదు. అడుగున పరుగెత్తే ఆ పట్టీలో, బంగారం ధర పక్కన, ఏ జట్టు ఎన్ని గోల్స్ కొట్టిందో ఒక్క ముక్క వేయించండి. మిగతాది బోర్డు మీద మేము రాసుకుంటాం.