షెంగెన్ అనే ఊరు

ఐరోపా వెళ్ళివచ్చిన మనవాళ్ళకు ఈ పేరు బాగానే పరిచయం. పాస్‌పోర్టులో అతికించిన వీసా కాగితం మీద దాన్ని చదివి ఉంటారు. బ్యాంకు లెక్కలు, బీమా పత్రాలు, హోటలు రసీదులు పోగుచేసుకుంటూ ఆ పేరును తలుచుకుని విసుక్కుని కూడా ఉంటారు. అయితే అది ఒక ఊరిపేరన్న సంగతి చాలామందికి తట్టదు. ఒప్పందం రాసిన పెద్దమనిషి ఇంటిపేరు కాబోలునని నేనూ చాలాకాలం అనుకున్నాను. నిజానికి షెంగెన్ ఒక పల్లెటూరు. లక్సెంబర్గ్ దేశపు ఆగ్నేయ మూల, మొసెల్ నది ఎడమ ఒడ్డున, ద్రాక్షతోటల వాలు కింద ఒదిగి ఉన్న ఊరు.

జర్మనీలో ఒక అనువాదకుల సమావేశానికి వెళ్ళినప్పుడు చివర ఒక రోజు ఖాళీ దొరికింది. కార్ల్ మార్క్స్ పుట్టిన ట్రియర్ పట్టణంలో బస. తోటివారు రోమన్ల కాలం నాటి నల్లరాతి కోటద్వారం చూడబోయారు. నేను చిన్న రైలెక్కి పెర్ల్ అనే ఊళ్ళో దిగాను. అది జర్మనీలో ఊరు. స్టేషను నుంచి కాస్త నడిస్తే మొసెల్ మీద వంతెన, వంతెనకు ఆవలి కొస షెంగెన్. ఇక్కడికి దక్షిణంగా కనిపించే కొండలు ఫ్రాన్సువి. మూడు దేశాలు నదిలో ఒకచోట కలుస్తాయి.

సరిహద్దు అనగానే మనకు ముళ్ళకంచె, తుపాకి, అడ్డకర్ర కళ్ళముందు కదులుతాయి. ఊరి పొలిమేరలో సైతం ఒక రాయి పాతి, పోలేరమ్మను కాపలా పెట్టుకున్న జాతి మనది. ఆ వంతెన మీద అలాంటి గుర్తు కోసం నా కళ్ళు వెతుకుతూనే ఉన్నాయి. నీలం పలక మీద నక్షత్రాల వలయం, మధ్యలో దేశం పేరు, అంతకు మించి ఏమీ లేదు. సంచిలోని ఫోను మాత్రం ఒకసారి మోగి, నేను కొత్త దేశంలో అడుగుపెట్టానని కబురు చెప్పింది.

ఇంకో విచిత్రం ఉంది. వంతెన కింది నది జర్మనీదీ కాదు, లక్సెంబర్గుదీ కాదు. 1816లో కుదిరిన ఒడంబడిక ప్రకారం ఈ మేర మొసెల్ నది ఇరుదేశాల ఉమ్మడి సొత్తు. నడిమధ్య గీత అంటూ లేదు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా నీళ్ళన్నీ ఇద్దరివీ. నదీజలాల పంపకాల తగాదాలు పుట్టిననాటి నుంచీ వింటున్న నేను వంతెన మధ్య కాసేపు నిలబడిపోయాను.

ఊరు చిన్నది. అయినా పెట్రోలు బంకులు మాత్రం ఊరికి మించి ఉన్నాయి. లక్సెంబర్గులో పన్ను తక్కువ గనుక జర్మన్లు, ఫ్రెంచివారు వంతెన దాటివచ్చి కార్లలో పెట్రోలు నింపుకుని, పనిలోపనిగా కాఫీపొడి, సిగరెట్లు కొనుక్కుని పోతారు. గేట్లు తీసేసినా ధరల తేడా పోలేదన్నమాట. ఊళ్ళో పాత కోట ఒకటి ఉంది. దాని బురుజు బొమ్మను 1871లో విక్టర్ హ్యూగో గీశాడు. పారిస్ కమ్యూన్ కూలిపోయాక పారిపోయి వచ్చేవారికి తన ఇంట ఆశ్రయమిస్తానన్నందుకు బెల్జియం ప్రభుత్వం ఆయన్ను వెళ్ళగొట్టింది. అప్పుడు ఆయన వచ్చి తలదాచుకున్నది లక్సెంబర్గులో. ఐరోపా దేశాలన్నీ ఒకటి కావాలని 1849లోనే పారిస్ శాంతిసభలో ఉపన్యసించిన మనిషి, దేశబహిష్కృతుడై వచ్చి, ఏ ఊరి బురుజును బొమ్మ గీశాడో చూడండి.

ఒప్పందం కథ అంత కవితాత్మకంగా మొదలుకాలేదు. 1984 ఫిబ్రవరిలో కస్టమ్స్ తనిఖీల దగ్గర రోజుల తరబడి నిలిచిపోయిన లారీ డ్రైవర్లు విసిగి దారులు దిగ్బంధం చేశారు. ఆ జూలైలో ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ తమ మధ్య తనిఖీలు సడలించుకోవడానికి ఒప్పుకున్నాయి. బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ వారితో చేరాయి. అప్పటి ఆర్థిక సమాజంలో సభ్యదేశాలు పది. ముందుకు వచ్చినవి ఐదే. మూడు దేశాల కూడలి గనుక ఈ ఊరిని ఎంచుకున్నారు. 1985 జూన్ 14న ‘ప్రిన్సెస్ మరీ ఆస్ట్రిడ్’ అనే విహార నౌక మీద, నదిలోనే సంతకాలు జరిగాయి. దేశాధినేతలెవరూ రాలేదు, సహాయమంత్రుల స్థాయివారిని పంపించారు. ఇదేదో చిన్న వ్యవహారంలే అనుకున్నారు కాబోలు. నలభయ్యేళ్ళ పండుగకు, 2025లో, ఆ నౌకను వెతికి తెచ్చి మళ్ళీ షెంగెన్ రేవుకు చేర్చారు.

1990 జూన్‌లో 142 అధికరణాలతో అమలు ఒడంబడిక రాసుకున్నారు. 1995 మార్చి 26న ఏడు దేశాల నడుమ గేట్లు నిజంగానే లేచిపోయాయి. 2025 జనవరి 1న రుమేనియా, బల్గేరియాల భూసరిహద్దులు కూడా తెరుచుకోవడంతో ఈ కూటమి 29 దేశాలకు పూర్తిగా విస్తరించింది. ఐరోపా సమాఖ్యలో లేని స్విట్జర్లండు, నార్వే ఇందులో ఉన్నాయి. సమాఖ్యలో ఉన్న ఐర్లండు లేదు. బ్రిటన్ ఏనాడూ చేరలేదు. లండన్, పారిస్ ఒకే ప్రయాణంలో చూడదలచినవారు రెండు వీసాలు తీసుకోక తప్పదు.

లోపలి తలుపులన్నీ తీసేసిన ఇంటికి వీధితలుపు గట్టిగా ఉండాలి గదా. ఉమ్మడి వీసా పుట్టింది అందుకే. ఒకసారి లోపలికి వచ్చినవాడు పోర్చుగల్ నుంచి ఫిన్లాండు దాకా ఎవరూ ఆపకుండా తిరుగుతాడు గనుక, వాడు ఎవడో, ఎందుకు వచ్చాడో, ఎప్పుడు పోతాడో గుమ్మంలోనే తేల్చుకోవాలి. ఆ గుమ్మం మొసెల్ ఒడ్డున లేదు. మన వరకు అది హైదరాబాదులో ఉంది.

రేవు దగ్గర, నక్షత్రాలు పొదిగిన ఉక్కు స్తంభాల ఎదుట ఒక బల్ల మీద కూర్చుని నా పాస్‌పోర్టు బయటికి తీశాను. జర్మనీవారు ఇచ్చిన వీసా. ‘షెంగెన్ దేశాలకు చెల్లును’ అని వారి భాషలో ఉంది. ఆ ఊళ్ళోనే కూర్చుని ఆ పేరు చదువుకోవడం సరదాగా తోచింది. వీసా అన్నది లాటిన్ మాట, ‘చూడబడినది’ అని అర్థం. అధికారి చూశాడు, సరేనన్నాడు, అంతే. చూపించడానికి మనం మోసే మూట మాత్రం చిన్నది కాదు. ఆ వీసాకు అర్జీ పెట్టిన ఉదయం, అక్కడ కలిసిన పెద్దావిడ గుర్తుకొచ్చారు.

హైదరాబాదులో అర్జీలు తీసుకునే కేంద్రంలో నా పక్క కుర్చీలో కూర్చున్నారావిడ. తెనాలి వారు. అరవై దాటి ఉంటాయి. ఒళ్ళో ప్లాస్టిక్ సంచీ, అందులో గుదిగుచ్చిన కాగితాలు.

“అమ్మాయ్, నీకు ఇంగ్లీషు వచ్చినట్టుంది. ఇదేమిటో కాస్త చూసి పెట్టమ్మా,” అన్నారు.

“ఇటివ్వండి పిన్నిగారూ.”

చిన్నకూతురు జర్మనీలో ఉంది, తొలి కాన్పు. అల్లుడు అక్కడి కార్యాలయానికి వెళ్ళి అత్తగారి ఖర్చులకు పూచీపడుతూ పత్రం రాసి పంపాడు. బీమా ఉంది. కనీసం 30,000 యూరోలకు, 29 దేశాల్లోనూ చెల్లేలా ఉండాలి. వైద్యంతో పాటు, ప్రాణం మీదికి వస్తే స్వదేశం చేర్చే ఖర్చు కూడా అందులో కలిసి ఉండాలి. ఆ వాక్యం నేను తెలుగులో చెప్పేసరికి, “అశుభం! పురిటికి పోతూంటే అదీ రాయించారూ!” అని నొచ్చుకున్నారు. పాస్‌పోర్టు పదేళ్ళకు లోబడినది, తిరిగివచ్చే తేదీ తరువాత మూడు నెలలైనా చెల్లుబాటులో ఉన్నది, రెండు ఖాళీ పుటలు ఉన్నది కావాలి. అవన్నీ సరిపోయాయి. చిక్కు ఇంకొక చోట వచ్చింది.

“అన్నప్రాశన చేసి వచ్చేస్తానమ్మా. ఆరోనెల గదా.”

ప్రసవానికి నెల ముందు వెళ్ళాలని ఆవిడ ఆలోచన. అంటే ఏడు నెలలు. ఈ వీసా మీద ఉండనిచ్చేది తొంభై రోజులు.

“మూణ్ణెల్లేనా? పెద్దదాని దగ్గర అమెరికాలో ఆర్నెల్లు ఉన్నానే!”

లెక్క చెప్పాను. ఏ రోజుకారోజు వెనక్కి తిరిగి 180 రోజులు చూస్తారు. ఆ 180లో 29 దేశాల్లో ఎక్కడ గడిపినా సరే, మొత్తం 90 దాటకూడదు. దిగిన రోజూ లెక్కే, ఎక్కిన రోజూ లెక్కే. కూతురింట్లో రెండు నెలలు ఉండి స్విట్జర్లండు పోయినా గడియారం ఆగదు. పిన్నిగారు తెలివైనవారు. “మధ్యలో లండన్లో మా మరిదిగారి అబ్బాయి దగ్గర పదిరోజులుండి వస్తేనో?” అన్నారు. ఆ పదిరోజులు లెక్కలోకి రావు నిజమే. దానికి బ్రిటన్ వీసా వేరే కావాలి. ఈ వీసా ఒక్కసారి ప్రవేశానికే ఇస్తే, బయటికి అడుగుపెట్టగానే దాని పని అయిపోతుంది. పైగా తొంభై తొంభైగానే ఉంటుంది, పెరగదు. ఈ ‘ఒక్కసారి’ అన్న మాట గమనించక ఇబ్బంది పడేవారు చదువుకున్నవారిలోనూ ఉన్నారు. వీసా మీద మూడు సంగతులు విడివిడిగా చూసుకోవాలి: ఏ తేదీ నుంచి ఏ తేదీలోగా వాడుకోవచ్చు, అందులో ఎన్ని రోజులు ఉండవచ్చు, ఎన్నిసార్లు ప్రవేశించవచ్చు. తేదీల మధ్య నెల వ్యవధి కనిపించినా, పక్కన 15 రోజులని ఉంటే పదిహేనే.

“అయితే పురుడయ్యాక వెళ్ళమంటావా? పురిటికి లేని తల్లి ఎందుకమ్మా?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. పుట్టబోయే బిడ్డ తేదీ దేవుడికి తెలియాలి. ఫారంలో మాత్రం వెళ్ళే తేదీ, తిరిగివచ్చే తేదీ అంకెల్లో వేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అర్జీ తీసుకుంటారు, పదిహేను రోజుల ముందు వరకే. నిర్ణయానికి సాధారణంగా 15 రోజులు, అవసరమైతే 45 దాకా పట్టవచ్చు. రుసుము 2024 జూన్ 11 నుంచి పెద్దలకు 90 యూరోలు. వీసా రాకపోయినా తిరిగి రాదు. ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, చివరికి, చెప్పిన తేదీకి పన్నెండు రోజుల ముందు చేరేట్టు రాయించారు. వేలిముద్రలు ఇచ్చి వస్తూ, “ఏళ్ళ తరబడి గిన్నెలు తోమిన వేళ్ళమ్మా, ముద్రలు పడవేమోనని భయపడ్డాను,” అన్నారు. ఫోను నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాం.

నా అర్జీ తేలికగానే అయింది. ఎక్కువ రోజులు ఉండే దేశం వారి దగ్గరే అర్జీ పెట్టాలి. రెండు చోట్ల సమానంగా ఉండేట్టయితే, మొదట అడుగుపెట్టే దేశం వారి దగ్గర పెట్టాలి. ఫలానావారు త్వరగా ఇస్తారట అని ఇంకో దేశం గుమ్మం ఎక్కి, తరువాత అక్కడికి తొంగిచూడనివారికి రెండోసారి ఇబ్బంది తప్పదు. మనవాళ్ళకు ఒక సదుపాయం వచ్చింది: 2024 ఏప్రిల్‌లో చేసిన నిర్ణయం ప్రకారం, మూడేళ్ళలో రెండు వీసాలు తీసుకుని సక్రమంగా వాడుకున్న భారతీయులకు రెండేళ్ళ వీసా, ఆపైన ఐదేళ్ళది ఇస్తారు. తొంభై రోజుల నియమం దానికీ ఉంది.

సాయంత్రం వంతెన మీదుగా పెర్ల్ వైపు తిరిగి నడిచాను. ఆ కొసలో ఒక పోలీసు బండి నిలబడి ఉంది. 2024 సెప్టెంబరు 16 నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటా తాత్కాలికమంటూ తనిఖీలు పెట్టింది. కరోనా రోజుల్లో, 2020 మార్చిలో, ఈ వంతెనల మీద ఇంతకన్నా గట్టి అడ్డంకులే ఉండేవట. ఒక కుర్రాడు, మర్యాదస్తుడే, పాస్‌పోర్టు అడిగాడు. సమాఖ్యలో ఎక్కడ తిరుగుతున్నా అసలు పాస్‌పోర్టు వెంట ఉంచుకోవాలి, జిరాక్సు కాగితం చాలదు. నాదగ్గర ఉంది గనుక సరిపోయింది. వీసా పుట తిప్పి, పేరు చదివి, వెనక నేను వచ్చిన ఊరిని వేలితో చూపించి నవ్వాడు. నేనూ నవ్వాను. రైలు అందింది.

పిన్నిగారు ఫోను చేసింది తరువాత కొన్ని నెలలకు. బిడ్డ వారం ఆలస్యంగా పుట్టింది, ఆడపిల్ల. అంటే మనవరాలిని చూడకముందే పందొమ్మిది రోజులు కరిగిపోయాయి. డెబ్బయ్యోరోజు దాకా రాత్రిళ్ళు తానే ఎత్తుకున్నారట. విమానం తప్పితే ఎలాగన్న భయంతో రెండు రోజులు ముందే, ఎనభై ఎనిమిదో రోజున బయలుదేరారు. ఆలస్యమైతే తరువాతి వీసాకు అడ్డమని నేను చెప్పిన మాట మరిచిపోలేదు. 2025 అక్టోబరు 12 నుంచి దశలవారీగా పాస్‌పోర్టు ముద్రల స్థానంలో ఫొటో, వేలిముద్రలు తీసుకుని యంత్రాలే రాకపోకల లెక్క కట్టడం మొదలైంది. ఒక్క రోజు మించినా దాగదు.

ఆడపిల్ల గనుక అన్నప్రాశన ఐదోనెలలో చేశారు. తెనాలిలో పరమాన్నం వండి, వెండిగిన్నెలో పోసి, ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నారట పిన్నిగారు. అక్కడ తల్లి తినిపిస్తే ఇక్కడ అమ్మమ్మ చూశారు.

“అమ్మాయ్, మొదటి పుట్టినరోజుకు వెళ్ళాలి. ఈసారి ఎప్పుడు దిగొచ్చో, ఎప్పటికి ఎక్కాలో ఆ లెక్క నువ్వే వేసిపెట్టాలమ్మా,” అన్నారు.

క్యాలెండరు తీసుకుని, ఆవిడ మొదటిసారి దిగిన తేదీ ఏమిటని అడిగాను.