బిల్లులో ఖాళీ గీత

2024 ఏప్రిల్ 11, డాలస్

విమానం తలుపు దగ్గర్నుంచి ఇమిగ్రేషన్ దాకా, అక్కణ్ణుంచి పెట్టెల దాకా నన్ను వీల్‌చెయిర్‌లో తోసుకొచ్చిన పెద్దాయనకి ఇంచుమించు నా వయసే ఉంటుంది. గంటన్నర నాతోనే ఉన్నాడు. పెట్టెలు తనే దింపాడు. అల్లుడికి అప్పగించి వెళ్తూ ఒక్క క్షణం ఆగాడు. నా దగ్గరున్నవన్నీ వంద డాలర్ల నోట్లు. ఏం చెయ్యాలో తోచక దండం పెట్టాను. ఆయనా నవ్వి పెట్టాడు. ఆయన అలా ఆగడం కళ్లలోంచి పోవడం లేదు.

ఏప్రిల్ 13

అమ్మాయితో చెప్పాను. “వాళ్లు అడగరమ్మా, కానీ ఐదో పదో చేతిలో పెడతారు. ముందే చెప్పాల్సింది, నాదే పొరపాటు” అంది. సాయంత్రం వంద నోటు మార్చి ఐదులూ ఒకట్లూ తెచ్చిచ్చింది. ఇక్కడికి బయల్దేరే అమ్మానాన్నలకి, తేవలసిన పచ్చళ్ల కంటే ముందు ఈ మాట చెప్పాలి.

ఏప్రిల్ 20

హోటల్లో భోజనం. వడ్డించిన పిల్ల నల్ల అట్టలో బిల్లు పెట్టి తెచ్చింది. కార్డు తీసుకెళ్లి, మళ్లీ చీటీ, పెన్నూ తెచ్చింది. చీటీలో 64 డాలర్లు, దాని కింద ‘టిప్’ అని ఒక ఖాళీ గీత, ఆ కింద మొత్తానికి ఇంకో గీత. అల్లుడు 13 వేసి 77 అని రాశాడు. నా నోరు ఊరుకోదుగా, “వెయ్యి రూపాయల పైమాటే!” అన్నాను.

“టెక్సస్‌లో ఈ పనికి యజమాని తన చేత్తో ఇవ్వాల్సిన కనీసం గంటకి 2 డాలర్ల 13 సెంట్లేనండీ అత్తయ్యగారూ. 1991 నుంచీ అంతే.”

మా అమ్మాయి పుట్టిన ఏడు. అది పెరిగి, చదివి, తల్లయింది. ఆ అంకె మాత్రం కదల్లేదు.

ఏప్రిల్ 21

టిప్పు తక్కువై గంటకి 7 డాలర్ల 25 సెంట్లు రాకపోతే, తగ్గింది యజమాని పూరించాలని చట్టమట. కాలిఫోర్నియాలో టిప్పుతో పనిలేకుండా కనీస వేతనం పూర్తిగా ఇవ్వాల్సిందే.

మనకి టిప్పంటే సోంపు పళ్లెంలో వదిలేసే పది రూపాయలు. సంతోషమేస్తే ఇచ్చే బక్షీసు. ఇక్కడ అది కూలి.

ఏప్రిల్ 28

పార్కులో ఒకాయన, “పనివాళ్లకి జీతం ఓనరివ్వాలి, మధ్యలో మనమెవరం?” అన్నారు. న్యాయమే. కానీ ఆ గీత మీద సున్నా చుడితే ఓనరుకి పోయేదేముంది? నాలుగుసార్లు మంచినీళ్లు నింపిన పిల్ల పొట్ట మీద పడుతుంది ఆ సున్నా. ఈ పద్ధతి మారాలి, తప్పకుండా మారాలి. మారేదాకా నూటికి పద్ధెనిమిదో ఇరవయ్యో ఇవ్వాల్సిందే. (పదిమందిమి కలిసి వెళ్తే కొన్నిచోట్ల వాళ్లే బిల్లులో కలిపేస్తారు. చూసుకోవాలి.)

మే 5

పుల్‌మన్ రైళ్ల గురించి చదివాను. బానిసత్వం రద్దయ్యాక, స్లీపర్ పెట్టెల్లో పనికి విడుదలైన నల్లవాళ్లని పెట్టుకున్నారు. జీతం అరకొర, మిగతాది ప్రయాణికుల దయ. యజమాని పేరు జార్జ్ పుల్‌మన్ కాబట్టి చాలామంది ప్రయాణికులు ఆ పోర్టర్లందరినీ ‘జార్జ్’ అనే పిలిచేవారట. 1925లో ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో సంఘం పెట్టుకుంటే, కంపెనీ ఒప్పందం మీద సంతకం చేసింది 1937లో.

మొన్నటి పెద్దాయన చొక్కాకి బ్యాడ్జి ఉంది. గంటన్నరలో ఒక్కసారీ చదవలేదు నేను.

మే 19, శాన్ ఆంటోనియో

హోటల్ గది శుభ్రం చేసేవాళ్లకి రోజూ పొద్దున్నే దిండు పక్కన నాలుగు డాలర్లు. ఆఖరి రోజు ఒకేసారి పెడితే, ముందు రోజుల్లో ఊడ్చినామెకి అందకపోవచ్చు.

సెప్టెంబర్ 30, డాలస్ విమానాశ్రయం

ఈసారి తోసింది ఒక నడివయసావిడ. బ్యాడ్జి ముందే చదివాను. పేరు నోరు తిరక్క రెండుసార్లు అడిగితే, విడదీసి నిదానంగా చెప్పింది. గేటు దగ్గర మడిచిన పది డాలర్లు చేతిలో పెట్టి, ఆ పేరుతోనే పిలిచి వెళ్లొస్తానన్నాను.