బొమ్మ ఒకటి, మాట రెండు

మా నాయనమ్మకి హిందీ రాదు. రామాయణం హిందీ మాత్రం వచ్చు. ఇవి రెండు వేర్వేరు భాషలని జగదల్‌పూర్ రైల్వే క్వార్టర్లలో మొదట కనిపెట్టింది ఆవిడే.

1987 జనవరి 25, ఆదివారం నాడు మొదలైన రామానంద్ సాగర్ రామాయణంలో ఎవరూ బజారు హిందీ మాట్లాడరు. ఆజ్ఞ అడుగుతారు. ప్రణామం చేస్తారు. వచనం ఇస్తారు, ఇచ్చాక దాన్ని పాలిస్తారు. విజయనగరం పక్క పల్లెలో, రాత్రి రాత్రంతా హరికథలు వింటూ పెరిగిన మనిషికి ఇందులో తెలియని మాటేముంది? "ఆ 'హై'లూ 'థా'లూ ఊడబెరికేస్తే మిగిలిందంతా మనదేరా" అనేది. బుధవారం చిత్రహార్ వచ్చేసరికి మాత్రం చతికిలపడేది. దిల్, ఇష్క్, ఇంతజార్... ఊడబెరకడానికి 'హై' ఉంది గానీ, పెరికేశాక మనదంటూ ఏమీ మిగిలేది కాదు.

మేం ఆ ఊరు చేరింది ఇనుము పుణ్యమా అని. బైలాడిలా కొండల్లో తవ్విన ఖనిజాన్ని విశాఖ రేవుకి, అక్కణ్ణించి జపానుకి చేరవేయడానికి 1960లలో వేసిన కొత్తవలస-కిరండూల్ లైన్లో నాన్నకి ఉద్యోగం. ఖనిజం దిగేది, పచ్చళ్ళు ఎక్కేవి. కిరండూల్ పాసింజరులో వచ్చే ఆవకాయ జాడీ, వారం ఆలస్యంగా అందే తెలుగు వారపత్రిక, తెల్లవారుజామున గరగరల మధ్య వినిపించే విశాఖపట్నం రేడియో భక్తిరంజని - మాకు అందే తెలుగు అంతే. వానాకాలం అనంతగిరి ఘాట్‌లో కొండచరియ విరిగిపడితే అదీ ఉండేది కాదు, రేడియో తప్ప.

బస్తర్ అప్పటికి మధ్యప్రదేశ్‌లో ఒక జిల్లా. జిల్లా అంటే మన జిల్లాలాంటిది కాదు. 39 వేల చదరపు కిలోమీటర్లకి పైన, కేరళ రాష్ట్రం కంటే కాస్త పెద్దది. దక్షిణాన కోంటా, భోపాలపట్నం వైపు వెళ్తే తెలుగు వినిపిస్తుంది. జగదల్‌పూర్ బజారులో హల్బీ, పల్లెల్లో గోండీ, ధుర్వా. ఆఫీసులో హిందీ. మా క్వార్టర్లలో బెంగాలీ, ఒడియా, తెలుగు. అప్పట్లో మా లైను కలకత్తా కేంద్రంగా ఉన్న ఆగ్నేయ రైల్వేది కాబట్టి బెంగాలీవాళ్ళకి కొదవ లేదు. పక్కింటి గార్డుగారి భార్యని అమ్మ 'బౌదీ' అనేది, మేం 'మాశీమా' అనేవాళ్ళం.

ఇన్ని మాటలున్న చోటికి టీవీ ఒక్క మాటతో వచ్చింది.

వచ్చిన దారి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఢిల్లీలో బయల్దేరిన బొమ్మ భూమికి 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఇన్సాట్-1బి దాకా ఎక్కి, అంత దూరమూ మళ్ళీ దిగి, ఊళ్ళో రిలే కేంద్రం గొడుగులో పడేది. అక్కణ్ణించి మా ఇంటికి రావడమే కష్టం. 1984లో దేశంలోని చిన్న పట్టణాలకి వరసపెట్టి ఇచ్చిన ఆ ట్రాన్స్‌మిటర్ల శక్తి 100 వాట్లు. మా వరండాలో వెలిగే బల్బెంతో అంతే. పదిహేను కిలోమీటర్లు పోయేసరికి ఆయాసపడేది. ఆకాశానికి ఎక్కి దిగిన రాముడు, నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న చిత్రకోట జలపాతం దాకా నడవలేకపోయాడు. కేరళంత జిల్లాకి బల్బంత వెలుతురు. ఆ వెలుతురు పడిన కొద్దిమందిలో మేం ఉన్నాం. అందుకే మిగతావాళ్ళు మా ఇంటికొచ్చేవాళ్ళు.

మా టీవీ హైదరాబాద్‌లో తయారైన ఈసీ. నలుపు తెలుపు, చెక్క తలుపులు. "పెట్టె తెలుగుదే, నోరే హిందీది" అనేవాడు నాన్న.

చెప్పాలనుకున్నది 1988 జూలై 31 గురించి. ఆదివారం. రామాయణం ఆఖరి భాగం, పట్టాభిషేకం.

ముసురు పట్టి రెండు రోజులైంది. తొమ్మిదింటికే నాయనమ్మ తలంటుకుని, టీవీ మీద మందార పువ్వు పెట్టి, పీట వేసుక్కూచుంది. తొమ్మిదిన్నరకి గదిలో చాప కనిపించలేదు, జనమే. మాశీమా మంచం మీద. ఒడియా పాయింట్స్‌మన్ కుటుంబం గుమ్మం దగ్గర. కిటికీ అవతల, చూరు కింద, తడిసిన బుట్టతో ఒకామె.

ఆమె హల్బీ మాట్లాడే మనిషి. ప్రతి ఆదివారం సంతకి ఏ కాలానికి ఆ సరుకు తెచ్చేది. ఇప్పపువ్వు, చింతపండు, వెదురు కొమ్ములు, దొప్పలో ఎర్రచీమలు. ఆ చీమల్ని మిరపకాయలతో నూరితే చప్‌డా చట్నీ, బస్తర్ సంతలో దానికున్న గిరాకీ దేనికీ లేదు. అమ్మ దగ్గర కూరాకులు అమ్మీ అమ్మీ ఆమె రెండు తెలుగు ముక్కలు, కొనీ కొనీ అమ్మ నాలుగు హల్బీ ముక్కలు నేర్చుకున్నారు. లోపలికి రమ్మంటే వచ్చేది కాదు. కిటికీయే ఆమె బాల్కనీ టిక్కెట్టు.

అరణ్యకాండ నడిచిన వారాల్లో ఆమె వేసిన ప్రశ్న ఒకటుంది. రామలక్ష్మణులూ సీతా దండకారణ్యంలో నడుస్తున్నారు. గదంతా చేతులు జోడించి చూస్తోంది. కిటికీలోంచి ఆమె ఏదో అడిగింది. అమ్మ పకపకా నవ్వి తెలుగులో చెప్పింది: "ఆ అడవిలో చీమల్లేవా అంటోంది. పాపం ఆయన అంతసేపు చెట్టుకింద కూచుంటే ఒక్కటీ కుట్టలేదేమని."

దండకారణ్యం ఎక్కడో కాదు, మా ఊరు ఉన్నదే అందులో. తూర్పు బెంగాల్ కాందిశీకుల కోసం ప్రభుత్వం 1958లో పెట్టిన సంస్థ పేరే దండకారణ్య ప్రాజెక్టు. మా పెరటి గోడ అవతల మొదలయ్యే సాల చెట్లని చూపించడానికి సాగర్ గారు గుజరాత్‌లోని ఉమర్‌గాంలో సెట్టు వేశారు. మేం ఇంటి వెనక ఉన్నదాన్ని ఇంటి ముందు పెట్టెలో, దాదాపు వెయ్యి కిలోమీటర్ల అవతల తీసింది, ఉపగ్రహం మీదుగా రప్పించుకుని చూశాం. ఆ సంగతి పట్టుకున్నది గదిలో హిందీ వచ్చినవాళ్ళెవరూ కాదు. కిటికీలో ఉన్న, హిందీ రాని మనిషి.

పట్టాభిషేకం సగంలో ఉండగా బొమ్మ వణికి, చెదిరి, మాయమైంది. వాన వల్లో మరి దేని వల్లో. కాసేపటికి అందరికీ కంఠతా వచ్చిన ఆ పలక పడింది: రుకావట్ కే లియే ఖేద్ హై.

"ఖేదమట" అంది నాయనమ్మ, ముక్కు మీద వేలేసుకుని. "పట్టాభిషేకం నాడు ఖేదమేటిరా, అపశకునం కాపోతే!"

హిందీవాళ్ళకి అది అలవాటైన క్షమాపణ. మా గదిలో మాత్రం అచ్చంగా దుఃఖం. మాశీమా 'ఖేద్' అంటే బెంగాలీలోనూ అంతేనంది. కాసేపు మూడు భాషలవాళ్ళం కలిసి విచారంలో కూచున్నాం. బొమ్మ తిరిగొచ్చేసరికి రాముడి నెత్తిన కిరీటం ఉంది. పెట్టింది ఎలాగో నాయనమ్మ చూడలేకపోయింది కాబట్టి వసిష్ఠుడి మంత్రాలతో సహా తనే చెప్పింది. తెలుగులోనే. మాశీమా తల ఊపుతూ గుమ్మం వైపు తిరిగి హిందీలో చెప్పింది. అమ్మ కిటికీ వైపు హల్బీలో చెప్పింది. ఆ అయిదు నిమిషాల పట్టాభిషేకం ఢిల్లీ నుంచి రాలేదు.

అయిపోయాక కిటికీలో ఆమె బుట్ట నెత్తిన పెట్టుకుంటూ అడిగిందట: ఈయన దసరాకి వస్తాడా అని.

రాడు. బస్తర్ దసరాలో రాముడు లేడు, రావణుణ్ణి తగలబెట్టడమూ లేదు. అది దంతేశ్వరి అమ్మవారి పండగ. శ్రావణ అమావాస్య నాడు అడవి నుంచి మాను తెచ్చి చేసే పాట్ జాత్రాతో మొదలై 75 రోజులు సాగుతుంది. ఆ ఏడు ఇంకో రెండు వారాల్లో మొదలవబోతోంది. రథం చెక్కేది బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ అనే రెండు పల్లెల వడ్రంగులు, తరతరాలుగా. రథం బస్తర్ ఉమర్‌గావ్‌ది, రాముడు గుజరాత్ ఉమర్‌గాంవాడు. పేరు ఒకటే, ఊళ్ళు వేరు. ఈ ముడి నేను చాలా ఏళ్ళ తర్వాత విప్పుకున్నాను. ఆమె ఆ రోజే, రాడని తెలిసే అడిగి ఉంటుంది.

మధ్యాహ్నం ప్రాంతీయ భాషా చిత్రం వేళ. ఆదివారం ఒంటిగంటన్నరకి ఒక్కో వారం ఒక్కో భాష. తెలుగు వంతు రావడానికి నెలలు పట్టేది. అలా వచ్చిన ఒక ఆదివారం మా ఇంట్లో పెద్దరికం తిరగబడింది. ఎప్పుడూ మాకు అర్థాలు చెప్పే మాశీమా ఆ రోజు అమ్మ పక్కన చేరి "క్యా బోలా? క్యా బోలా?" అంటూ మోచేత్తో పొడిచేది. కింద ఇంగ్లీషు అక్షరాలు పరిగెత్తేవి గానీ, ఎవరికి కావాలవి? అమ్మ అనువాదం సినిమా కన్నా నిడివి ఎక్కువ. హీరోయిన్ ఒక్క మాటంటే అమ్మ, ఆ పిల్ల పుట్టింటి సంగతులతో సహా చెప్పేది. రెండున్నర గంటలు ఆ వరసంతటికీ అమ్మే ఆకాశవాణి.

రాత్రి 8:40కి వార్తలు. నాయనమ్మకి వార్తల హిందీ కూడా సగం వచ్చు. ప్రధానమంత్రి, రాష్ట్రపతి, ఉద్ఘాటన్. చిక్కల్లా వచ్చిన మాటలతోనే. పల్లె పిల్లలకి ఉచిత 'శిక్షా' అని చదివారొకసారి. "ఉచితంగా శిక్ష ఏస్తారట! ఇన్నాళ్ళూ డబ్బులెట్టి ఏయించుకున్నారేటి?" అంది. హిందీలో శిక్ష అంటే చదువని చెప్పాను. ఏడో తరగతి లెక్కల పుస్తకం ముందేసుకుని ఉన్న నన్ను ఎగాదిగా చూసి, "రెండూ ఒకటేలే" అని తేల్చేసింది. హిందీ 'ఉపన్యాస్' నవల, మన ఉపన్యాసం సభలో దంచేది. హిందీ 'అవసర్' అవకాశం, మనకేమో అవసరం. అక్షరాలు అవే, దిగాక వేరే ఊరు.

ఇదంతా మా ఇంటి తమాషా అనుకునేవాణ్ణి. సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం గురించి చదివినప్పుడు తెలిసింది, ఆ తమాషానే ఒకప్పుడు శాస్త్రవేత్తలు యంత్రంతో చేశారని. 1975 ఆగస్టు 1 నుంచి, నాసా ఇచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి ఏడాదిపాటు టీవీ చూపించారు. వాటిలో మన రాష్ట్రం పల్లెలున్నాయి. ఛత్తీస్‌గఢ్ వైపు రాయపూర్, దుర్గ్, బిలాస్‌పూర్ జిల్లాల పల్లెలున్నాయి. బస్తర్ లేదు. ఆ ఉపగ్రహానికి ఒక బొమ్మతో పాటు రెండు శబ్దాలు పంపే వీలుంది. కాబట్టి ఒకే బొమ్మని తెలుగువాళ్ళు తెలుగులో, కన్నడిగులు కన్నడంలో విన్నారు. బొమ్మ ఒకటి, మాట రెండు. గడువు తీరగానే ఉపగ్రహాన్ని మళ్ళీ పడమటికి జరుపుకున్నారు. ఆ గడువు తీరిన రోజు 1976 జూలై 31.

సరిగ్గా పుష్కరం. ఉపగ్రహం మోసుకెళ్ళిపోయిన ఆ రెండో శబ్దాన్ని, పన్నెండేళ్ళ తర్వాత అదే తేదీన, ముసురులో, ఒక రైల్వే క్వార్టరులో నాయనమ్మా మాశీమా అమ్మా మూడు నాలుగు చేసి నడిపారు. మాకొచ్చిన టీవీ ఢిల్లీదే. మేం చూసిన టీవీ మాత్రం మాదే. అందులో సగం తప్పులే, ఒప్పుకుంటాను. మాశీమా చెప్పిన కథకీ తెరమీద కథకీ కొన్ని వారాలు పొంతన ఉండేది కాదు. కానీ తప్పు చెప్పడానికైనా పక్కన మనిషి ఉండాలి కదా.

1995 ఆగస్టులో ఈటీవీ వచ్చింది. డాబా మీద గొడుగు పెట్టించుకున్నాక పొద్దున్నించి రాత్రి దాకా తెలుగే. అమ్మ మొదటి నెల ఆనందానికి హద్దు లేదు. రెండో నెల మాశీమా రావడం తగ్గింది. ఆవిడ ఇంటి మీదా గొడుగు లేచింది, అందులో బెంగాలీ. గోడకి ఇటొకటి, అటొకటి. ఎవరికీ ఎవరూ చెప్పాల్సిన పని లేదు. 2022 నాటికి 100 వాట్లవి, పెద్దవి అని లేకుండా దేశంలోని పాత ట్రాన్స్‌మిటర్లని దాదాపుగా ఆపేశారు. ఆ సరికి వాటి కోసం యాంటెన్నా తిప్పేవాళ్ళు మా ఎరికలో ఎవరూ మిగల్లేదు.

2020 మార్చి 28న, లాక్‌డౌన్‌లో, దూరదర్శన్ ఆ రామాయణాన్నే మళ్ళీ వేసింది. విశాఖలో మా ఫ్లాట్. గది నిండా జనం వచ్చే వీలు దేశంలో ఎవరికీ లేని రోజులు. సోఫాలో అమ్మ, పక్కన మా అమ్మాయి. దానికి హిందీ అంతంత మాత్రం. 'హై'లు 'థా'లు ఊడబెరికినా లాభం లేదు, మిగిలిన ఆజ్ఞ, వచనం కూడా కొత్తే. "నానమ్మా, ఏమన్నాడు?" అని మోచేత్తో పొడుస్తోంది. అమ్మ గొంతు సవరించుకుంది. పాతికేళ్ళుగా మూగబోయిన శబ్దం మొదలైంది, పుట్టింటి సంగతులతో సహా.

అరణ్యకాండ వచ్చింది. ముగ్గురూ అడవిలో నడుస్తున్నారు.

"ఇదెక్కడ, నానమ్మా?"

"మా జగదల్‌పూర్ ఇంటి వెనకాలే" అంది అమ్మ, తడుముకోకుండా. కాసేపు తెర వంక పరకాయించి చూసి, "చీమల్ని మాత్రం తీసేశారు" అంది.